సన్యాసమ్మ నానుతాడు

మంగళవారం పొద్దున్న లతీఫా చోడవరంలో బస్సు దిగేసరికే అచ్చియ్యమ్మ ఆమె కోసం కాచుకుని ఉంది. తిండీ నిద్రా లేని మొహం. ఆమె భర్త పరదేశి జీవజల మందిరంలో వాచ్‌మన్. ఆదివారం సాయంత్రం బాప్తిస్మపు తొట్టిలో సంఘపెద్ద సన్యాసమ్మ శవాన్ని మొట్టమొదట చూసింది అతనే. సోమవారం సాయంత్రం ఆవిడ సమాధి దగ్గర మన్ను వేసి చేతులు దులుపుకుంటుండగా పోలీసులు పట్టుకుపోయిందీ అతన్నే. ఈ సాయంత్రం కోర్టులో హాజరుపరుస్తారు. ఒకసారి జైలు గడప దాటాడంటే మళ్ళీ బయటికి తెచ్చుకునే శక్తి తనకి లేదని అచ్చియ్యమ్మకి తెలుసు.

"కోడిని కొయ్యమంటే పక్కింటోళ్ళని పిలుస్తాడమ్మా ఆయన" అంది ఆటోలో. "ఆవిడ్ని ముంచి సంపేడంట."

లతీఫాది అనకాపల్లిలో ఒకే గది ఉన్న డిటెక్టివ్ ఏజెన్సీ. వచ్చే కేసుల్లో ముప్పాతికవంతు పెళ్ళి సంబంధాల వాకబులే. హత్య కేసు జోలికి వెళ్ళే ఉద్దేశం ఆమెకి లేదు. కానీ ఆమె నాన్న గఫూర్ ఫ్యాన్సీ కొట్టు నడిపిన రోజుల్లో గాజులకీ కవరింగ్ గొలుసులకీ చోడవరం నుంచి వచ్చే బేరాల్లో అచ్చియ్యమ్మ ఒకతె. బాప్తిస్మం తీసుకున్నాక ఆమె నగల కొట్టు మెట్లెక్కడం మానేసింది గానీ, గఫూర్ పోయిన రోజున వచ్చి వీధిలో కూర్చుని ఏడ్చి వెళ్ళింది. అలాంటి మనిషి ఫోన్ చేస్తే కాదనడం లతీఫాకి చేతకాలేదు.

పోలీసులు చెబుతున్న కథ చాలా చిన్నది. ఆదివారం ఆరాధనలో సన్యాసమ్మ మెడలో గొలుసు కనబడింది. శవం మెడ చుట్టూ నల్లటి చార ఉంది, గొలుసు లేదు. సాయంత్రం మందిరంలో మిగిలింది వాచ్‌మన్ ఒక్కడే. గొలుసు లాగాడు, అరవబోతే తొట్టిలో ముంచాడు. అంతే. పోస్టుమార్టం రిపోర్టు ఇంకా రాలేదు, గొలుసూ దొరకలేదు. ఇంత గబగబా ఈ కథని అల్లి పోలీసుల చేతిలో పెట్టిందెవరో అచ్చియ్యమ్మ చెప్పగానే లతీఫాకి నోరు చేదయింది. ఉమామహేష్. రిటైరైన డీఎస్పీ, ఇప్పుడు విశాఖలో పెద్ద ఏజెన్సీకి యజమాని. ఆయన దగ్గరే ఆమె పని నేర్చుకుంది, ఆయనతో పడకే బయటికొచ్చింది.

మందిరం ముందు ఆటో ఆగింది. ఇరవై ఏళ్ళ కిందట ఉదయ్‌కుమార్ అనే కుర్ర పాస్టరు తాటాకు పాకలో పదిమందితో మొదలుపెట్టిన సంఘం ఇది. రావికమతం నుంచీ మాడుగుల నుంచీ జనం ట్రాక్టర్లు కట్టుకుని వచ్చేవారు. పాక రేకుల షెడ్డయింది, షెడ్డు మూడువేల మంది పట్టే హాలయింది, ఆదివారం ప్రసంగం టీవీలో రావడం మొదలైంది. అప్పుడే రెండో బాల్కనీ కావాలనిపించింది, దానికోసం ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర పెద్ద అప్పు చేశారు. కరోనాలో మందిరం మూతబడింది గానీ వడ్డీ మూతబడలేదు. జనంలో సగం మంది తిరిగి రాలేదు. రెండో బాల్కనీ మీద ఇనప చువ్వలు తుప్పు పట్టి అలాగే నిలబడి ఉన్నాయి. చూస్తే దిగులేసింది లతీఫాకి.

హాల్లో స్త్రీల ఉపవాస ప్రార్థన జరుగుతోంది. తెల్లచీరలు, తలమీద కొంగులు. ఒక్క మెడలోనూ గొలుసు లేదు, ఒక్క చేతికీ గాజు లేదు. ఈ సంఘంలో బాప్తిస్మం తీసుకునే ఆడమనిషి పుస్తెలతో సహా ఒంటిమీది బంగారమంతా తీసి కానుక పళ్ళెంలో పెట్టేస్తుంది, మళ్ళీ జన్మలో తాకదు. ఆ బంగారమంతా వేదిక వెనక గదిలో ఇనప్పెట్టెలో ఉంది. కంపెనీ నోటీసు వచ్చాక దాన్ని అమ్మి అప్పు తీర్చేద్దామని ఆ ఆడవాళ్ళే ఒప్పుకున్నారు. రేపు బుధవారం అందరి ముందూ తూకం.

"సన్యాసమ్మగారు బంగారం మానేసి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది లతీఫా.

"నాకన్నా ముందేనమ్మా. పదేళ్ళు దాటిపోనాది. అలాంటావిడ మెడలో గొలుసేటని మేవంతా ఇడ్డూరపోతన్నాం."

తొట్టి వేదిక కిందే ఉంది. మామూలు రోజుల్లో పైన చెక్కలు పరిచి మూసేస్తారు, ఆదివారం బాప్తిస్మాలు జరిగాయి కాబట్టి తెరిచే ఉంది. నడుము లోతు నీళ్ళు, దిగడానికి మెట్లు, నీళ్ళలోంచి బ్లీచింగ్ పౌడరు వాసన. గట్టు మీద వంగి చూస్తుండగా వెనకనుంచి బూట్ల చప్పుడు వినిపించింది. మందిరంలోకి బూట్లతో వచ్చేవాడు ఒక్కడే ఉంటాడు.

"పెళ్ళి సంబంధాలు తగ్గేయా లతీఫా?" అన్నాడు ఉమామహేష్.

తనని కంపెనీ పంపిందనీ, రేపటి తూకం సజావుగా జరగడమే తన పని అనీ ఆయన దాపరికం లేకుండానే చెప్పాడు. మధ్యలో ఈ చావు వచ్చి పడింది. కేసు తేలకపోతే పోలీసులు గదికి సీలు వేస్తారు, తూకం ఆగుతుంది, కంపెనీ ఊరుకోదు. తేల్చేశాడు.

"కళ్ళజోడు సంగతేంటి సార్?" అంది లతీఫా. ఆటోలో అచ్చియ్యమ్మ చెప్పిన ఒక ముక్క ఆమె మనసులోంచి పోవడం లేదు. పరదేశి వచ్చేసరికి సన్యాసమ్మ కళ్ళజోడు ఇదే గట్టు మీద మడిచిపెట్టి ఉందట.

"పడిపోయుంటుంది."

"పడిన జోడు మడుచుకోదు. ఆవిడ మోకాళ్ళ మీద ప్రార్థనకి కూర్చుంటే జోడు తీసి మడిచి పక్కన పెట్టడం అలవాటంట. అంటే తొట్టిలో పడకముందు ఇక్కడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. వాచ్‌మన్ పక్కన మోకరించి కాదు కదా."

"ఒక్కతే చేసుకుంటోంది. వాడు వెనకనుంచి వచ్చేడు." ఆయన గొంతు విసుగ్గా మారింది. "మెడమీద చార చూసేను నేను. ముప్పై ఏళ్ళు సర్వీసు చేసినోడికి గొలుసు లాగిన చార తెలీదంటావా? నీ క్లయింటు కన్నీళ్ళు చూసి కేసు నడపకు. ఆ జబ్బు నీకు మొదట్నుంచీ ఉంది."

చురుక్కుమంది లతీఫాకి. ఏజెన్సీ వదిలేసిన రోజు కూడా ఆయన అన్న మాట ఇదే. ఆమె అచ్చియ్యమ్మ వైపు తిరిగి, శవానికి స్నానం చేయించింది ఎవరని అడిగింది. తనూ, పాస్టరుగారి భార్య కీర్తీ అని చెప్పింది అచ్చియ్యమ్మ. కీర్తమ్మగారు నీళ్ళు అందించింది, రుద్దింది తను.

"ఆ చార ముట్టుకుంటే గరుగ్గా ఉందా? చర్మం లేచిపోయిందా?"

"లేదమ్మా, నున్నగానే ఉంది. మసిలాగుందని సబ్బెట్టి రుద్దేను. సగం పోనాది. తెల్ల తువ్వాలుకి పచ్చగా, నల్లగా అంటుకుంది. ఆ గుడ్డ ఉతికినా ఒదల్లేదు, ఇంట్లోనే పడేసేను."

లతీఫాకి ఆ మరక తెలుసు. చిన్నప్పుడు నాన్న కొట్లో వేసవి వచ్చిందంటే ఇదే తగువు. మెడ నల్లబడిందని, పచ్చగా మరక పడిందని, గ్యారంటీ గొలుసన్నావు కదా అని ఆడవాళ్ళు కొంగు పక్కకి తీసి చూపించి మరీ తిట్టేవారు. నాలుగు రోజులు చెమట పడితే ఏ కవరింగైనా రంగు బయటపెట్టేస్తుంది. బంగారం ఆ పని చెయ్యదు.

పాస్టరు ఉదయ్‌కుమార్ వేదిక వెనక గదిలో ఒక్కడే ఉన్నాడు. పోస్టర్ల మీద కనిపించే నిండైన మనిషి కాదు. కోటు భుజాల మీద వదులుగా వేలాడుతోంది. వందనాలు చెప్పి కూర్చోమన్నాడు. ఆదివారం సాయంత్రం మాడుగులలో ఒక ఇంట్లో కూడికలో ఉన్నానని, చీకటిపడ్డాక ఫోనొస్తే పరిగెత్తుకొచ్చానని చెప్పాడు. ఇల్లంతా జనం ఉన్న కూడిక, అందులో అనుమానించడానికేమీ లేదు.

సన్యాసమ్మ మెడలోని గొలుసు ఎక్కడిదని లతీఫా సూటిగా అడిగింది. ఆయన ఇనప్పెట్టె వైపు చూశాడు.

"ఆవిడదే" అన్నాడు. "నానుతాడు. బాప్తిస్మం రోజున ఇచ్చింది."

నెమ్మదిగా సంగతి బయటికొచ్చింది. పెట్టెకి రెండు తాళాలు. ఒకటి ఆయన దగ్గర, రెండోది సన్యాసమ్మ దగ్గర. రెండూ పడితేనే తెరుచుకుంటుంది. తూకానికి ముందు ఒకసారి చూసుకుందామని గురువారం ఇద్దరూ కలిసి తెరిచారు. ఎవరి బంగారం వాళ్ళ పేరుతో ఒక తెల్లగుడ్డ సంచిలో ఉంటుంది. ఆ పేర్లన్నీ ఎర్రదారంతో కుట్టింది సన్యాసమ్మే. తన సంచి విప్పి నానుతాడు అరచేతిలో వేసుకుని, అటూ ఇటూ తిప్పి, తూకం లోపల తెచ్చిచ్చేస్తానని చెప్పి పట్టుకెళ్ళింది.

"ఎందుకని అడగలేదా?"

"అడగలేదమ్మా. ముసలావిడ, అమ్మేసే ముందు ఒకసారి పెట్టుకోవాలని ముచ్చటపడుతోంది అనుకున్నాను. సంఘపెద్ద బంగారం వేసుకుందని తెలిస్తే పరువు పోతుందని పోలీసులకి చెప్పలేదు."

"ఇంకెవరికి చెప్పేరు?"

"మా ఆవిడకి. ఆ రాత్రే."

కీర్తి హాల్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. సన్నటి మనిషి, మర్యాదగల మాట. ఆదివారం తనకి తలనొప్పిగా ఉండి ఆరాధన అయ్యాక వెనకింట్లోనే పడుకున్నానని చెప్పింది. గొలుసు చూసింది మీరేనట కదా అని లతీఫా అడిగితే కళ్ళొత్తుకుంది.

"పొద్దున్న ఆరాధనలో లేచి నిలబడతంటే కొంగు జారిందండి. తళుక్కుమంది. అయ్యో, ఈవిడకిదేటి అనుకున్నాను. పరదేశి కూడా ఆ పక్కనే ఉన్నాడు మరి."

లతీఫా పెట్టె తెరవమంది. సన్యాసమ్మ తాళం శవం రొంటినే దొరికింది. తూకం కోసమని పోలీసులనడిగి దాన్ని తెచ్చి దగ్గరుంచుకున్నది ఉమామహేష్. ఆమె వెనకే గదిలోకి వచ్చిన ఆయన కుదరదన్నాడు. రేపు కంపెనీవాళ్ళు వచ్చేదాకా ఎవరూ చెయ్యి పెట్టడానికి లేదన్నాడు.

"దొంగయితే గొలుసు పట్టుకుపోతాడు సార్. మీరు పరదేశి ఇల్లు రెండుసార్లు తవ్వించేరు, దొరకలేదు. అది పోలేదు కాబట్టి దొరకలేదు. ఇంటికెళ్ళిపోయింది. రేపు లెక్క తగ్గితే ఎవరికి ప్రాణం మీదకొస్తుందో వాళ్ళు తెచ్చి ఇందులో పెట్టేరు. లేదంటారా, తలుపు మూసి నేను అనకాపల్లి బస్సెక్కేస్తాను. ఉందంటారా, రేపు ఊరందరి ముందూ తెలుసుకోవడం కన్నా ఇప్పుడు మన నలుగురి ముందు తెలుసుకోవడం మీకే మంచిది."

ఉమామహేష్ పని తెలిసినవాడు, ఆ మాటలో ఉన్న ప్రమాదం ఆయనకి తెలిసింది. జేబులోంచి తాళం తీశాడు. పాస్టరు తనది గోడమీది మేకు నుంచి తీసుకున్నాడు. అది ఎప్పుడూ అక్కడే ఉంటుందా అంటే, ఎక్కువగా ఇంట్లో మంచం పక్కన ఉంటుందని చెప్పాడు.

తలుపు తెరుచుకుంది. వరసగా తెల్ల సంచులు, వాటిమీద ఎర్రటి పేర్లు. బాప్తిస్మంలో మార్తమ్మ అని పేరు పెట్టినా ఊరు పలికిన పేరే కుట్టుకుంది సన్యాసమ్మ. లతీఫా ఆ సంచి వేళ్ళతో ఎత్తగానే తడి తగిలింది. పెట్టెలో గాలాడక రెండు రోజులైనా ఆరలేదు. బ్లీచింగ్ వాసన. విప్పితే లోపలి నానుతాడు పొయ్యిలోంచి తీసినట్టు నల్లగా ఉంది, గుడ్డకి పచ్చటి మరక పాకింది.

ఉమామహేష్ గబగబా ఇంకో సంచి విప్పాడు, మరోటి విప్పాడు, ఒక గొలుసుని తాళంతో గీకి చూశాడు. పసుపు కింద రాగి. అప్పు ఇచ్చే ముందు ఈ బంగారం చూసి మంచిదని సంతకం పెట్టింది కంపెనీ మనిషే.

గుమ్మం అవతలనుంచి అచ్చియ్యమ్మ వచ్చి తన పేరున్న సంచి తీసుకుంది. అందులో ఆమె చెవిపోగులు. వాటిని లతీఫా చేతిలో పెట్టి మొహంలోకి చూసింది. గఫూర్ కూతురికి గీకి చూడాల్సిన అవసరం లేదు. తిరిగి ఆమె గుప్పిట్లోనే పెట్టి మూసింది.

"ఆవిడకి అనుమానం గురువారమే వచ్చింది" అంది లతీఫా పాస్టరుతో. "బరువు తేడా చేతికి తెలిసి ఉంటుంది. కంసాలి దగ్గరికి పట్టుకెళ్తే గంటలో ఊరంతా పాకిపోతుంది, మందిరం కూలిపోతుంది. అందుకని దేవుడికిచ్చిన మాట తప్పి, కొంగు చాటున తన మెడమీదే పరీక్ష పెట్టుకుంది. మెడ నల్లబడింది. ఎవరికీ చెప్పకుండా తను నమ్మిన ఒక్క మనిషికి చూపించింది. ఆ మనిషి, ప్రార్థన చేద్దాం రమ్మంది. ఈవిడ కళ్ళజోడు తీసి మడిచి పెట్టింది. ఆ తర్వాత ఈవిడ రొంటి తాళంతోనే పెట్టె తెరిచి, గొలుసు ఇందులో వేసి, తాళం మళ్ళీ రొంటిన దోపేసింది."

"ఎవరమ్మా?" అన్నాడు ఆయన. కానీ ఆ గొంతులో ప్రశ్న లేదు.

"ఆడవాళ్ళకి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు నీళ్ళలోకి దిగి పట్టుకునేది సన్యాసమ్మగారే కదా. దిగేముందు తన తాళం ఎవరి చేతికిచ్చేది?"

ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఆదివారం నాటికి ఈ గొలుసు ఇలాగుంది అయ్యగారూ. ఇది తళుక్కుమనదు. తళుక్కుమందని చెప్పిన మనిషి దీన్ని కొంగు జారి చూడలేదు, దగ్గర కూర్చుని చూసింది. అసలు బంగారం వడ్డీలకే కరిగిపోయుంటుంది. ప్రతి నెలా ఆ వడ్డీ ఎవరు కట్టేవారు?"

"కీర్తే." ఆ మాట ఎక్కడో లోపలినుంచి వచ్చింది. "దేవుడిచ్చేడనేది. నేను అడగలేదు. ఎప్పుడూ అడగలేదు." తలెత్తాడు. "నా మీద రాయించండి. నేనే ముంచేనని సంతకం పెడతాను, పరదేశిని ఒదిలేస్తారు. ఈ సంచుల మాట మాత్రం ఆ ఆడవాళ్ళకి తెలీనివ్వకండి. పుస్తెలు తీసిచ్చేరమ్మా వాళ్ళు."

ఆయన మీద లతీఫాకి జాలీ, కోపమూ రెండూ కలిగాయి. ఇరవై ఏళ్ళు అంతమందికి బుద్ధి చెప్పిన మనిషి తన ఇంట్లో ఒక్క ప్రశ్న వేసి ఉంటే ముసలావిడ బతికుండేది.

"మీరు మాడుగులలో ఉన్నారు. ఆ అబద్ధం సాయంత్రం దాకా కూడా నిలవదు" అని గుమ్మం వైపు తిరిగింది. గుమ్మంలో కీర్తి లేదు.

గోడమీది స్పీకరు గరగరలాడింది. హాల్లో పాట ఆగిపోయింది. "వందనాలు" అని కీర్తి గొంతు మైకులోంచి నిదానంగా వినబడింది. "ఈవేళ నేను ఒక సాక్ష్యం చెప్పాలి. గుండె రాయి చేసుకుని వినండి."

పాస్టరు కళ్ళు మూసుకున్నాడు. ఒప్పేసుకుంటుంది అనుకున్నాడు. లతీఫా కూడా ఒక్క క్షణం అలాగే అనుకుంది.

"మీరు దేవుడికిచ్చిన బంగారం పెట్టెలో లేదమ్మా. అంతా కవరింగ్. ఇప్పుడే మా కళ్ళతో చూసేం. రెండో తాళం ఎవరి దగ్గరుండేదో మీకు తెలుసు. పోయినావిడ గురించి అనకూడదు, కానీ సన్యాసమ్మగారు, పరదేశి కలిసి మార్చేసేరు. పంపకాల్లో తేడా వచ్చింది. బయటికి తరలించింది పరదేశి పెళ్ళాం అచ్చియ్యమ్మ. ఆవిడ నగల కొట్లవాళ్ళని వెంటబెట్టుకుని ఇప్పుడు వెనక గదిలోనే ఉంది."

వందల మంది ఒక్కసారి లేచిన చప్పుడు. ఎవరో ఏడ్చారు, ఎవరో అచ్చియ్యమ్మ పేరు పెట్టి పిలిచారు. అడుగులు వేదిక వైపు తిరిగాయి.

లతీఫా ఉమామహేష్ వైపు చూసింది. అప్పటికే ఆయన గది మూలకి వెళ్ళి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పోలీసులతో కాదు, కంపెనీతో. అప్పు పత్రాల మీద ఎవరి సంతకం ఉందో అడుగుతున్నాడు. ఆమెకి నిజంగా భయమేసింది. పెరటి తలుపు తీసి, అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. సందులోంచి మెయిన్‌రోడ్డు ఎంతో దూరం లేదు.

అచ్చియ్యమ్మ కదల్లేదు. గుప్పిట్లో చెవిపోగులు అలాగే ఉన్నాయి.

"పారిపోతే ఆవిడ సెప్పిందే నిజవైపోద్దమ్మా. ఆయన జైల్లోనే సచ్చిపోతాడు" అంది. కొంగు తలమీదికి లాక్కుంది. "మా గుడిలో సాక్ష్యానికి లేసినోళ్ళని ఎవులూ కూసోబెట్టరు. అయ్యగారైనా, అమ్మగారైనా."

వద్దనేలోగా తలుపు తోసుకుని వేదిక మీదికి నడిచింది. లతీఫా నల్లటి నానుతాడు పట్టుకుని వెనకే పరిగెత్తింది. మెట్ల దాకా వచ్చేసిన ఆడవాళ్ళు అచ్చియ్యమ్మని చూసి ఆగారు. ముందు వరసలో ఉన్న మొహాల్లో కోపం కన్నా దుఃఖమే ఎక్కువగా ఉంది, అందుకే ఇంకా భయంగా ఉంది. కింద తెరిచిన తొట్టి. అచ్చియ్యమ్మ గట్టు పక్కన నిలబడి కుడిచెయ్యి పైకెత్తింది.

కీర్తి మైకు ఇవ్వలేదు. మీట నొక్కి ఆపేసి, దాన్ని వెనక్కి దాచుకుంది.

అచ్చియ్యమ్మ దాని కోసం చూడలేదు. "నిన్న సన్యాసమ్మగారికి నీళ్ళు పోసింది నేను" అని గొంతెత్తి మొదలుపెట్టింది.